లాభాల్లోనే మూతపడిన కంపెనీ

బి.కాం. పాసై చాలాకాలం ఉద్యోగం లేక తిరిగిన తరవాత, చోడవరంలో చెరకు గానుగలు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో నాకు అకౌంటెంటు పని దొరికింది. తొంభైల దశకం అప్పుడే మొదలవుతోంది. అనకాపల్లి వెళ్ళే రోడ్డు మీద, ఊరు దాటగానే పెద్ద రేకుల షెడ్డు, దాన్ని ఆనుకుని రెండు గదుల ఆఫీసు, వెనకాల బోలెడు ఖాళీ స్థలం. షెడ్డులో ఇనుము కరిగించే కొలిమి, రెండు లేతు మిషన్లు ఉండేవి. కరిగిన ఇనుముని ఇసక అచ్చుల్లో పోసి గానుగ రోలర్లూ పళ్ళచక్రాలూ తీసేవారు. చెరకు ఫ్యాక్టరీకి తోలకుండా సొంతంగా బెల్లం వండుకునే రైతులు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చి కొనుక్కునేవారు.

నన్ను ఉద్యోగంలోకి తీసుకున్నది కంపెనీ మేనేజింగ్ డైరెక్టరు. ఆ పేరు కాగితాల మీదే ఉండేది. పనివాళ్ళ నుంచి బ్యాంకు మేనేజరు దాకా అందరూ ఆవిడని టీచరమ్మ అనే పిలిచేవారు. అంతకుముందు ఊళ్ళోని ఆడపిల్లల బడిలో చాలా ఏళ్ళు పాఠాలు చెప్పారు. కంపెనీ పెట్టింది ఆవిడ భర్త. ఆయన విశాఖపట్నంలో ఒక వర్క్‌షాపులో పోతపని నేర్చుకుని, గానుగ చక్రం పన్ను విరిగితే ఇక్కడి రైతులు పడే అవస్థ చూసి, ఈ ఊరొచ్చి కొలిమి పెట్టారు. చేతిలో పని ఉంది గానీ పెట్టుబడి లేదు. పాతిక ముప్ఫైమంది రైతులు షేర్లు కొన్నారు. అందరికన్నా ముందు కొన్నది వడ్డాది అనే ఊరి రైతు ఒకాయన. ఆ వడ్డాది పెద్దాయనే తక్కిన వాళ్ళ ఇళ్ళకి తిరిగి, "మాటంటే మాటే ఆ మనిషికి, డబ్బెట్టండి" అని చెప్పి షేర్లు కొనిపించారట. నేను చేరేనాటికి టీచరమ్మ గారి భర్త గుండెపోటుతో పోయి కొన్నేళ్ళయింది. టీచరమ్మ గారు ఉద్యోగం మానేసి ఆయన కుర్చీలో కూచున్నారు.

ఇంటర్వ్యూకి వెళ్ళిన రోజున ఆవిడ నా సర్టిఫికెట్లు చూడలేదు. కిందటేడు బ్యాలెన్సు షీటు నా ముందు పెట్టారు.

"దీన్ని నాకర్థమయ్యేలా చెప్పు బాబూ. చెప్పగలిగితే ఉద్యోగం నీదే" అన్నారు.

చెప్పాను. మధ్యమధ్య అడ్డం వచ్చి ప్రశ్నలు వేశారు. వెనక బెంచీలో కూచున్న పిల్లకి కూడా అర్థం కావాలన్న పట్టుదల ఆవిడది. ఆ అలవాటు తరవాత కూడా పోలేదు. ఏటా లెక్కలు తేలాక, నేను ఒక్కొక్క పద్దూ చదివి వినిపించాలి. అమ్మకం ఇంత, ఖర్చు ఇంత, మిగిలింది ఇంత. మిగిలింది అన్నచోట ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి ఓ క్షణం కళ్ళు మూసుకునేవారు. దేవుడికి స్తోత్రం చెప్పుకుంటున్నారని నాకు తెలుసు.

వానలు తగ్గుముఖం పట్టే రోజుల్లో వాటాదార్ల మీటింగు జరిగేది. షెడ్డులో గచ్చు కడిగి, చాపలు పరిచేవారు. రైతులు తెల్ల పంచెలు కట్టుకుని వచ్చేవారు. ఉప్మా, టీ అయ్యాక టీచరమ్మ గారు లాభం ఎంతో చదివి చెప్పి, ఒక్కొక్కరికీ డివిడెండు చెక్కు స్వయంగా ఇచ్చేవారు. వడ్డాది పెద్దాయన చెక్కు తీసుకుని కళ్ళకద్దుకుని, "బావ బతికున్నట్టే ఉన్నాది సెల్లెమ్మా" అనేవారు. ఆవిడ ఆయన్ని అన్నయ్యా అని పిలిచేవారు. కులం వేరు, మతం వేరు. అయినా క్రిస్మస్‌కి ఆయన ఇంటి నుంచి బెల్లం, కొత్త బియ్యం వచ్చేవి. ఆయన భార్యకి టీచరమ్మ గారు చీర పెట్టేవారు.

నేను చేరిన కొద్దికాలానికే రూపాయి విలువ తగ్గించారని పేపర్లలో వచ్చింది. దాని అర్థమేమిటో మాకు వెంటనే తెలియలేదు. ఆ తరవాత మాత్రం ఏది కొనడానికెళ్ళినా కిందటిసారి ధర లేదు. డీజిలు పెరిగింది, కొలిమిలో వేసే కోక్ బొగ్గు పెరిగింది, ముడి ఇనుము పెరిగింది. మేమూ గానుగ ధర పెంచాం. రైతులు సణుక్కుంటూనే కొన్నారు. బెల్లం ధర కూడా పెరిగింది కదా మరి.

ఆ ఏడాది లెక్కలు తేలేసరికి కంపెనీ పుట్టాక ఎన్నడూ రానంత లాభం వచ్చింది. టీచరమ్మ గారు మిఠాయి తెప్పించి పనివాళ్ళందరికీ పంచారు. పెద్ద మోల్డరు చేతిలో పెడుతూ, "మీ అయ్యగారు ఉంటే ఎంత సంతోషించేవారో" అన్నారు. ఇసక అచ్చులు కట్టేవాణ్ణి మోల్డరు అంటారు. ఈయన ఆ అయ్యగారి దగ్గరే పని నేర్చుకున్న మనిషి.

డివిడెండు ఇచ్చాం, బోనసు ఇచ్చాం, ఇన్‌కమ్ టాక్సు కట్టాం. తరవాతి వేసవిలో ఇనుము కొనాల్సి వచ్చేసరికి బ్యాంకులో డబ్బు లేదు. ఓవర్‌డ్రాఫ్టు కింద బ్యాంకు ఇచ్చే అప్పు కూడా అడుగు దాకా వాడేశాం. నేను ఆ మాట చెప్పడానికి వెళ్తే ఆవిడ నా మొహంలోకి వింతగా చూశారు.

"లాభం వచ్చిందన్నావు కదా బాబూ?"

"వచ్చిందండి."

"మరి ఇనుము కొనడానికి డబ్బుల్లేవంటన్నావు. లాభం ఏటైపోయింది?"

"అమ్మగారూ, మనం గానుగలో పోసిన ఇనుము కిందటి వేసవిలో పాత ధరకి కొన్నది. గానుగ అమ్మింది కొత్త ధరకి. అమ్మిన ధరలోంచి పాత ఇనుము ధర తీసేసి, మిగిలిందంతా లాభమని పుస్తకంలో రాశాం. కానీ అంతే ఇనుము మళ్ళీ తెచ్చుకోవాలంటే..."

"ఆ లాభం పెట్టే తెచ్చుకోవాలి" అని ఆవిడే అన్నారు. కాసేపు కిటికీలోంచి షెడ్డు వైపు చూస్తూ ఉండిపోయారు. "నేను బళ్ళో ఉన్నప్పుడు ఓ ఏడు జీతం పెరిగిందని టీచర్లందరికీ కాఫీలు ఇప్పించేను. ఆ నెల సరుకులకెళ్తే, పాత జీతంతో వచ్చినన్ని కూడా రాలేదు. అలాగేనా ఇది?"

"అలాగేనండి. దీనికి తోడు అరువు. గానుగ ఇచ్చేది కోతలకి ముందు, డబ్బొచ్చేది బెల్లం అమ్ముకున్నాక. రాసుకున్న మొత్తమే వస్తుంది. అది వచ్చేసరికి దాంతో కొనగలిగేది తగ్గిపోతోంది."

"అయితే మనం పంచిపెట్టింది లాభం కాదు."

ఆవిడ బల్ల మీద కాగితాలు సర్ది, "ఇంకేటుంది? మొత్తం చెప్పెయ్" అన్నారు.

ఇంకా ఉన్నది కొలిమి సంగతి. అది కంపెనీ పెట్టినప్పుడు కొన్నది. యంత్రం ఏటేటా అరుగుతుంది కాబట్టి, కొన్న ధరలో కొంత కొంత ప్రతి ఏడాదీ ఖర్చుగా రాస్తారు. తరుగుదల అంటారు దాన్ని. అలా పక్కకి పెట్టిన సొమ్ముతో యంత్రం పాతబడ్డాక కొత్తది కొనుక్కోవచ్చని అందరి నమ్మకం. మా కొలిమి ధర అంతా ఎప్పుడో రాసేశాం. పుస్తకాల్లో దాని విలువ మా ఆఫీసు బల్ల విలువంత కూడా లేదు. రాయడానికి తరుగుదల మిగల్లేదు కాబట్టి ఖర్చు తక్కువ, ఖర్చు తక్కువ కాబట్టి లాభం ఎక్కువ. అక్కడ షెడ్డులో మాత్రం కొలిమి చుట్టూ ఉన్న ఇనపరేకు పలచబడి, అతుకుల మీద అతుకులు పడి ఉంది.

కొత్త కొలిమి ఎంతవుతుందో విశాఖపట్నం నుంచి కొటేషన్ తెప్పించాం. ఇన్నేళ్ళూ రాసిన తరుగుదలంతా దాచిపెట్టి ఉన్నా, అందులో పదోవంతుకి సరిపోదు. ఆవిడ ఆ కొటేషన్‌నీ బ్యాలెన్సు షీటునీ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు.

లెక్కలు తనిఖీ చేసే ఆడిటరు గారు అనకాపల్లి నుంచి వచ్చినప్పుడు ఆవిడ అడిగారు. ఇప్పటి ధర మీద తరుగుదల రాయకూడదా అని. ఆయన నెమ్మదస్తుడు, ఆవిడంటే గౌరవం.

"రాయకూడదమ్మా. కొన్న ధర మీదే రాయాలి. రేపెంత అవుతుందో అన్నదాని మీద రాస్తే నేను సంతకం పెట్టలేను. డబ్బు కంపెనీలోనే ఉంచుకోవాలంటే దారొకటే. డివిడెండు మానెయ్యండి."

ఆవిడ నవ్వారు. డివిడెండు ఇవ్వాలో వద్దో నిర్ణయించేది డైరెక్టర్లు. ఆవిడ కాక మిగతా నలుగురూ రైతులే. వాళ్ళలో వడ్డాది పెద్దాయన ఏది అంటే తక్కినవాళ్ళు అదే.

"అన్నయ్యకి చెప్తాను. అందరికీ చెప్తాను. అర్థమయ్యేలా చెప్తే ఎందుకు వినరు?" అన్నారు.

ఆ ఏడాది మీటింగుకి ఆవిడ తను పనిచేసిన బడి నుంచి నల్లబల్ల అడిగి తెప్పించారు. షెడ్డులో స్తంభానికి ఆనించి పెట్టించారు. రైతులు చాపల మీద కూచుని, ఇదేటిదీ అని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆవిడ ముందు అచ్చయిన లెక్క చదివారు. లాభం మళ్ళీ ఎక్కువే వచ్చింది. షెడ్డులో చిన్న సందడి లేచింది. అప్పుడు సుద్దముక్క తీసుకుని బల్ల మీద నిలువుగా గీత గీసి, ఒకపక్క పుస్తకంలో ఉన్న లెక్క, రెండోపక్క అదే ఇనుము, అదే బొగ్గు, అదే కొలిమి ఇవాళ కొంటే అయ్యే లెక్క రాశారు. ఒక్కొక్క వరుసా మెల్లగా, విడమరిచి చెప్పారు. రెండోపక్క అడుగున లాభం లేదు. కొద్దిగా నష్టమే ఉంది.

"మూడేళ్ళు డివిడెండు మానుకుందాం. ఆ డబ్బుతో, బ్యాంకు అప్పుతో కొత్త కొలిమి కొందాం. లేకపోతే మనం కంపెనీనే కొంచెం కొంచెంగా తినేస్తన్నాం" అన్నారు.

ఆ ఏడాది చెరకుకి ఎర్రకుళ్ళు తెగులు తగిలి చాలామంది తోటలు నిలువునా పోయాయి. ఈ చెక్కు కోసం ఎదురుచూసిన వాళ్ళు ఎంతోమంది. వడ్డాది పెద్దాయన తోట కూడా పోయింది. ఆయన తువ్వాలు భుజం మీంచి తీసి ఒళ్ళో పెట్టుకుని అన్నారు.

"సెల్లెమ్మా, నువ్వు మాకు నాలుగచ్చరాలు సెప్పగలవు, మేం కాదన్నేం. గానీ ఒక మాట. బోర్డు మీద నువ్వేసింది నీ లెక్క. అచ్చేసి, సంతకం ఎట్టి పంపింది ఆడిటరు లెక్క. అందులో లాభం ఉన్నాది. ఇందులో నేదు. మేం ఏది నమ్మాలి?"

"రెండూ నిజమే అన్నయ్యా."

"రెండూ నిజం ఎలాగవుతాదమ్మా? గవర్నమెంటు లాభమని టాక్సు కట్టించుకుంది కాదేటి? గవర్నమెంటుకి లాభం, మాకు నష్టమా?"

ఆ మాటకి షెడ్డులో నవ్వులు లేచాయి. ఆవిడ నా వైపు చూశారు. నేను లేచి మళ్ళీ చెప్పడానికి ప్రయత్నించాను. నేను జీతగాణ్ణి. నా మాట ఎవరూ వినలేదు. అప్పుడు వెనక వరసలోంచి ఎవరో, మొహం కనబడకుండా, "ఇశాపట్నంలో ఇల్లు కడతన్నారంట, కొలిమి అక్కడేనేటి ఎట్టేది" అన్నారు.

విశాఖపట్నంలో ఇల్లు కడుతున్నది టీచరమ్మ గారి చెల్లెలు. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఉద్యోగస్థులు. ఆ సంగతి షెడ్డులో కొందరికైనా తెలుసు. వడ్డాది పెద్దాయనకి బాగా తెలుసు. శంకుస్థాపన ప్రార్థనకి ఆయన వెళ్ళొచ్చారు కూడా. ఆయన తల వంచుకుని తువ్వాలు మడతపెట్టుకుంటూ కూచున్నారు.

ఆవిడ సుద్దముక్క కింద పెట్టారు. చీరకొంగుతో కాదు, దాని కోసం తెచ్చిన గుడ్డతో బల్ల పైనుంచి కింద దాకా శుభ్రంగా తుడిచారు. తరవాత ఇటు తిరిగి, "డివిడెండు ఇద్దాం. పోయినేడు ఇచ్చినంతే ఇద్దాం" అన్నారు. చెక్కులు మాత్రం ఆ ఏడు నా చేత పంచిపెట్టించారు.

అందరూ వెళ్ళాక ఆఫీసుగదిలో కూచుని మంచినీళ్ళు అడిగారు. గ్లాసు చేత్తో పట్టుకున్నారు గానీ తాగలేదు.

"మీ అయ్యగారు పోయినప్పుడు కూడా నేనింత ఒంటరిదాన్నని అనిపించలేదు బాబూ" అన్నారు.

బడి ఉద్యోగం మానేసినప్పుడు తనకి వచ్చిన డబ్బులోంచి కొంత తీసి కొలిమి లోపల ఇటుక మార్పించారు. ఆ సొమ్ము కంపెనీకి అప్పుగా రాద్దామంటే సరేనన్నారు గానీ వడ్డీ రాయనివ్వలేదు. లోపల ఇటుక కొత్తదైంది. బయట రేకు పాతదే. రేకు మార్చాలంటే కొలిమి మొత్తం కొత్తది కొన్నట్టే. వడ్డాది పెద్దాయన చోడవరం వస్తే ముందు మా ఆఫీసుకొచ్చి టీ తాగి పనులు చూసుకునేవారు. ఆ మీటింగు తరవాత రావడం మానేశారు. బస్టాండులో కనిపిస్తే నేను నమస్కారం పెట్టేవాణ్ణి. ఆయన "బాగున్నావా" అని, ఇంకేదో అడగబోయి ఆగిపోయేవారు.

అలాగే ఇంకొన్ని సీజన్లు గడిచాయి. ఏటా లాభం వచ్చేది. ఏటా ఇనుము కొనేది మునుపటి కన్నా తక్కువయ్యేది. పనివాళ్ళలో కొందరిని ఆపెయ్యాల్సి వచ్చింది. వాళ్ళని పిలిచి ఆ మాట చెప్పే పని ఆవిడ నాకు అప్పగించలేదు, తనే చెప్పారు. ఒకడు గుమ్మం దగ్గర నిలబడి, "కంపెనీ లాభాల్లో ఉందంటారు కదమ్మా" అన్నాడు. ఆవిడ తల ఊపారు.

ఒక మధ్యాహ్నం నేను ఆఫీసులో వోచర్లు రాసుకుంటున్నాను. షెడ్డులో పెద్ద చప్పుడైంది. తరవాత చిటపటమని టపాకాయలు పేలినట్టు చప్పుళ్ళు. పరిగెత్తాను. కొలిమి రేకు కింది అతుకు దగ్గర చీలిపోయి, కరిగిన ఇనుము గచ్చు మీద పారుతోంది. తడి ఇసక తగిలినచోటల్లా నిప్పులు ఎగజిమ్ముతున్నాయి. పక్కవాళ్ళని వెనక్కి తోసేస్తూ పెద్ద మోల్డరు తను తప్పుకోలేకపోయాడు. కుడిపాదం అందులో పడింది.

జీపులో అనకాపల్లి తీసుకెళ్తే అక్కడి నుంచి విశాఖపట్నం పంపించారు. దారి పొడుగునా టీచరమ్మ గారు ఆయన తల ఒళ్ళో పెట్టుకుని కూచున్నారు. స్పృహ వచ్చినప్పుడల్లా ఆయన "కొలిమి ఆపేసేరా, కుర్రగుంటలెవరికీ ఏటీ అవ్వలేదు కదా" అని అడిగేవాడు. పాదం సగం తీసెయ్యాల్సి వచ్చింది. ఆస్పత్రి వరండాలో ఆయన భార్య ఏడుస్తూ ఉంటే టీచరమ్మ గారు ఆమె చెయ్యి పట్టుకుని పక్కన కూచున్నారు. ఓదార్పు మాట ఒక్కటి కూడా చెప్పలేదు.

తిరిగొచ్చాక పనివాళ్ళని షెడ్డులోకి పిలిచారు.

"ఇంక కొలిమిలో నిప్పెట్టొద్దు" అన్నారు.

"రేకు అతికించి లాగుదాం అమ్మా, ఈ సీజను గడిచిపోద్ది" అన్నాడు ఒకతను.

"పెట్టొద్దన్నాను నాయనా."

ఆ ఏడాది లెక్కలు కూడా నేనే తేల్చాను. పనిచేసిన నెలల్లో అమ్మిన గానుగలకి, పాత ధర ఇనుముకి మధ్య తేడాతో మళ్ళీ లాభమే వచ్చింది. సంతకానికి తీసుకెళ్ళాను.

"లాభమేనా?"

"లాభమేనండి."

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చదివారు. ఎప్పటిలా కళ్ళు మూసుకోలేదు. సంతకం పెట్టి కాగితం నా వైపు జరిపారు.

"మనల్ని చూడనివాళ్ళు ఇది చదివితే మనం బాగున్నామనుకుంటారు" అన్నారు.

కంపెనీ మూసెయ్యడానికి ఈసారి డైరెక్టర్లెవరూ అడ్డు చెప్పలేదు. కొలిమిని, లేతు మిషన్లని అనకాపల్లి పాత ఇనప వ్యాపారి తూకానికి కొన్నాడు. పుస్తకంలో విలువే లేని సరుకు కాబట్టి, వచ్చిన ప్రతి రూపాయీ లాభమని రాయాల్సి వచ్చింది. స్థలం కొన్నప్పటి ధర చాలా తక్కువ, అమ్మిన ధర చాలా ఎక్కువ. అదీ లాభమే. కంపెనీ చచ్చిపోయిన ఏడాది లెక్కలో, బతికున్న ఏ ఏడాదిలోనూ లేనంత లాభం కనిపించింది. నేను రాసిన కాగితమే, నాకే దాన్ని చూడబుద్ధి కాలేదు.

టీచరమ్మ గారు ముందు పనివాళ్ళ బాకీలన్నీ తీర్పించారు. మోల్డరుకి కంపెనీ ఇచ్చింది కాక తన డబ్బులోంచి ఇచ్చి, ఆయన ఇంటి ముందే చిన్న కిరాణా దుకాణం పెట్టించారు. మిగిలింది వాటాదార్లకి పంచారు. షేరు కొన్న ధరకి ఎన్నో రెట్లు వచ్చింది ఒక్కొక్కరికీ. "సూసేవా, ఇంత సొమ్ము అణిచి ఎట్టింది. అడిగితే బోర్డు మీద పాఠాలు సెప్పింది" అని ఒకాయన బస్టాండులో అనగా నేను విన్నాను. ఆ మాట ఆవిడ దాకా పోకూడదని కోరుకున్నాను. పోయే ఉంటుంది. ఆ నెలలోనే ఆవిడ ఇల్లు ఖాళీ చేసి విశాఖపట్నంలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయారు.

నేను చోడవరంలోనే కొట్ల లెక్కలు రాసుకుంటూ మరో ఉద్యోగం వెతుక్కుంటున్నాను. ఒకరోజు పొద్దున్నే వడ్డాది పెద్దాయన మా ఇంటికి వచ్చారు. అంతకుముందు ఎప్పుడూ రాలేదు. మా ఆవిడ కుర్చీ వేస్తే వద్దని అరుగు మీదే కూచున్నారు.

"బాబూ, నిన్నొక మాట అడగాలని వచ్చేను" అన్నారు. "కంపెనీ ఎట్టినప్పుడు కాలవ పక్క ఎకరా అమ్మి షేర్లు కొన్నాను. నీకు తెలవదు, మీ టీచరమ్మకి తెలుసు. మొన్న అదే ఎకరా అమ్మకానికొచ్చింది. సేతిలో పెద్ద సెక్కున్నాది కదా, కొనేద్దామని ఎగేసుకుని ఎళ్ళేను. సగానికి కూడా సాల్నేదు."

మా ఆవిడ టీ తెచ్చి ఆయన పక్కన పెట్టింది.

"అప్పుడెట్టిందానికి ఎన్నో రెట్లొచ్చింది. గానీ నా ఎకరా రాలేదు. మధ్యలో ఇన్నేళ్ళు డివిడెండు తిన్నాననుకో. అయినా ఎకరా ఏటైపోయింది బాబూ?" తల ఎత్తి నా మొహంలోకి చూశారు. "సెల్లెమ్మ ఆరోజు బోర్డు మీద రాసింది ఇదేనా?"

"ఇదేనండి."

టీ చల్లారిపోయింది. తరవాత, "నన్నోసారి ఆయమ్మ దగ్గరికి తీసుకెళ్ళు" అన్నారు.

ఇద్దరం బస్సులో వెళ్ళాం. దారంతా ఆయన సంచీ ఒళ్ళో పట్టుకుని కిటికీ వైపు చూస్తూ ఉన్నారు. చెల్లెలి ఇంట్లో వెనక గదిలో ఉన్నారు టీచరమ్మ గారు. సుగరు ముదిరి చూపు బాగా తగ్గిపోయిందట. మేం గుమ్మంలో నిలబడితే ఎవరని అడిగారు. ఆయన "సెల్లెమ్మా" అనగానే మంచం మీద లేచి కూచున్నారు.

"అన్నయ్యా, రా. వదిన బాగుందా? ఈ ఏడు చెరకెలా ఉంది?"

ఆయన అన్నిటికీ జవాబు చెప్పారు. ఆవిడ మోల్డరు కాలి సంగతి నన్నడిగారు. కొట్టు నడుస్తోందని చెప్పాను. అప్పుడు వడ్డాది పెద్దాయన కిందకి చూస్తూ మొదలెట్టారు.

"సెల్లెమ్మా, ఆరోజు మీటింగులో నేను..."

"నువ్వన్నది తప్పు కాదన్నయ్యా. అచ్చేసిన కాగితాన్ని ఎవరైనా నమ్ముతారు. నేను మాత్రం ఎన్నేళ్ళు నమ్మలేదూ? కళ్ళు మూసుకుని స్తోత్రం కూడా చెప్పుకున్నాను."

"ఇల్లు కడతన్నావన్న మాట నేనన్నేదు. ఒట్టు."

"నువ్వనలేదు. నాకు తెలుసు." ఆవిడ చెయ్యి మంచం మీద దేనికోసమో వెతికి, దుప్పటి అంచు దొరికితే దాన్ని సరిచేసింది. "కానీ నువ్వక్కడే కూచున్నావు కదన్నయ్యా."

ఆయన మొహం తువ్వాల్లో దాచుకున్నారు. ఆ ముసలాయన భుజాలు కదలడం చూడలేక నేను బయట వరండాలోకి వచ్చేశాను. లోపలి నుంచి చాలాసేపటికి ఆవిడ గొంతు వినిపించింది, భోజనం చేసి వెళ్ళమని. చేశాం. ఆవిడ మాతో పాటు కూచుని, కనబడకపోయినా ఆయన విస్తట్లోకి కూర వెయ్యమని చెల్లెలికి పదేపదే చెప్పారు. తెచ్చిన బెల్లం సంచీ ఆయన గది మూల పెట్టి, చెప్పకుండానే వచ్చేశారు. సుగరు మనిషికి బెల్లం తెచ్చానని బస్సెక్కాక గుర్తొచ్చి తల పట్టుకున్నారు.

ఆ వానాకాలంలో టీచరమ్మ గారు పోయారు. సమాధి దగ్గరికి చోడవరం నుంచి పనివాళ్ళు లారీ మాట్లాడుకుని వచ్చారు. మోల్డరు కర్ర ఊతంతో బురదలో నిలబడి చివరిదాకా ఉన్నాడు. వాటాదార్లలో వచ్చింది తక్కువమందే. ఎవరైనా రెండు మాటలు చెప్తారా అని పాస్టరు గారు అడిగితే, వడ్డాది పెద్దాయన ముందుకొచ్చారు. నోరు తెరిచారు గానీ మాట రాలేదు. దోసెడు మట్టి వేసి వెనక్కి వెళ్ళిపోయారు.

తరవాత నాకు విశాఖపట్నంలో ఒక ఆడిటు ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. సెలవులకి చోడవరం వెళ్తే ఆయన్ని చూడకుండా వచ్చేవాణ్ణి కాదు. కంపెనీ సంగతి ఆయన ఎత్తేవారు కాదు, నేనూ ఎత్తేవాణ్ణి కాదు. ఒక్కసారి మాత్రం, పొలం గట్టు మీద నడుస్తూ ఆయనే ఆగారు.

"బాబూ, ఆరోజు ఆయమ్మ అంత ఇవరంగా సెప్పింది కదా. నాకు అర్థం కాలేదనే ఇన్నాళ్ళూ అందరికీ సెప్పుకుంటా వచ్చేను. అయ్యిందేమో బాబూ. తోట పోయింది, సేతిలో పైసా నేదు, ఆ సెక్కు కావాలి. అర్థమయ్యే, కానట్టు కూచున్నానేమో."

ఆయన జవాబు కోసం చూడలేదు. ముందు నడిచారు, నేను వెనక నడిచాను.